నీతి అందరికీ ఒకటేనా, పెంపకం నేర్పిందేనా: ప్రొద్దుటూరు ప్రశ్నకు జవాబు

ప్రొద్దుటూరులో పెరిగి ఢిల్లీలో ఎమ్మే చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా అక్కకు మా మేనమామతో పెళ్లి కుదిరింది. ఇంట్లో అందరికీ సంతోషమే. హాస్టల్లో ఉత్తరాది స్నేహితురాళ్లకు చెబితే అమ్మ సొంత తమ్ముణ్నా అని ముఖం చిట్లించారు. మా వీధిలోనే ఉన్న ముస్లిం స్నేహితురాలికీ అది హరామే. కానీ ఆమె తన చిన్నాన్న కొడుకును చేసుకోబోతోంది, మాకేమో అది అన్నను చేసుకున్నట్టు. ఎవరికి వాళ్లం మాదే సరి అనుకుంటున్నాం. అంటే నీతి అనేది లేదా? పెంచినవాళ్లు ఏది నూరిపోస్తే అదేనా? రేపు పిల్లలకు ఏమని నేర్పాలి?"

ముందు సూటిగా జవాబు చెబుతానమ్మా, వివరం తర్వాత. ఊరికే ఒకరికి హాని చేయకూడదు, మోసం చేయకూడదు, తీసుకున్న మేలుకు బదులు చేయాలి, అయినవాళ్లను ఆదుకోవాలి, ఉన్నది న్యాయంగా పంచుకోవాలి. ఇంతవరకు మనుషులందరిలో చాలా దగ్గర పోలిక ఉంది. సంస్కృతి, పెంపకం కలిసి తేల్చేవి మూడు. ముందు, ఏది హాని అని మనం నమ్ముతున్నాం? రెండు నియమాలు ఢీకొన్నప్పుడు ఏది ముందు? చివరగా, ఈ నియమాలు ఎవరెవరికి వర్తిస్తాయి? తగవు వచ్చిన ప్రతిచోటా తేడా ఈ మూడింటిలో ఎక్కడుందో వెతకండి. చాలా తగవులు అక్కడే తేలిపోతాయి. తేలనివి కొన్ని మిగులుతాయి, వాటి సంగతి కూడా కింద రాశాను.

మీ పెళ్లి ఉదాహరణే తీసుకుందాం. ఈ ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. తెలుగు హిందువుల్లో చాలా కులాలకు మేనమామ, మేనత్త కొడుకు, మేనమామ కొడుకు వరుసైనవాళ్లు. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, చిన్నమ్మ పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ముస్లింలకు పెదనాన్న, చిన్నాన్న పిల్లలు పెళ్లికి అడ్డు కాదు. అక్క కూతురు, చెల్లెలి కూతురు మాత్రం నిషిద్ధమని ఖురాన్ నాలుగో అధ్యాయం 23వ వాక్యం పేరుపేరునా చెబుతుంది. ఉత్తరాది హిందువుల్లో ఎక్కువమందికి ఈ రెండూ కూడవు. 1955 హిందూ వివాహ చట్టం కూడా మేనమామ, మేనకోడళ్లను నిషిద్ధ సంబంధాల్లోనే చేర్చి, ఇరువైపులా ఆచారం అనుమతిస్తే ఆ పెళ్లి చెల్లుతుందని 5వ సెక్షన్‌లో వెసులుబాటు ఇచ్చింది.

ఇప్పుడు ముగ్గురి గీతల లోపల ఏముందో చూడండి. తోడబుట్టినవాణ్ని, కన్నవాళ్లను చేసుకోవచ్చని ముగ్గురిలో ఒక్కరూ అనరు. ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ అనే ఫిన్లాండ్ పండితుడు 1891లోనే దీనికి కారణం ప్రతిపాదించాడు. పసితనం నుంచి ఒకేచోట పెరిగినవాళ్ల మధ్య ఆకర్షణ పుట్టదు, పైగా విముఖత పుడుతుంది అన్నాడు. ఇజ్రాయెల్‌లో కిబుట్జ్ అనే ఉమ్మడి పల్లెల్లో పసివయసు నుంచి ఒకే బృందంగా పెరిగిన పిల్లలకు రక్తసంబంధం లేదు, పెళ్లికి అడ్డూ లేదు. అయినా యోసెఫ్ షెఫర్ 1971లో ప్రచురించిన పరిశీలనలో 2,769 పెళ్లిళ్లు తిరగేస్తే అలా మొదటినుంచీ కలిసి పెరిగినవాళ్ల జంట దాదాపు కనిపించలేదు. తైవాన్‌లో ఆడపిల్లను పసితనంలోనే కాబోయే అత్తింటికి తెచ్చి, కాబోయే భర్తతో పాటు పెంచే పద్ధతి ఉండేది. ఆ జంటల్లో విడాకులు ఎక్కువ, సంతానం తక్కువ అని ఆర్థర్ వుల్ఫ్ రికార్డులతో చూపించాడు. మినహాయింపులు లేకపోలేదు. రోమన్ల ఏలుబడిలోని ఈజిప్టులో అన్నాచెల్లెళ్ల పెళ్లిళ్లు జనాభా లెక్కల పత్రాల్లోనే నమోదయ్యాయి. అందుకే "ప్రపంచమంతా" అనే మాట పక్కన "దాదాపు" చేర్చి వాడటం మంచిది.

కాబట్టి లోపలి గీత మనిషి జాతిది. దాని చుట్టూ ఎంత దూరాన కంచె వేయాలో ఆయా సమాజం తేల్చుకుంది, భూమి చీలకుండా, ఆడపిల్ల తెలిసిన ఇంటికి పోయేలా, రెండు కుటుంబాల పొత్తు తెగకుండా. మీ ముగ్గురిలో కలిగే ఏవగింపు మాత్రం ఒకే బలంతో ఉంటుంది. చిన్నప్పుడు "అన్న" అని పిలిపించిన మనిషిపై ఏవగింపు, "బావ" అని పిలిపించిన మనిషిపై సిగ్గు, రెండూ పెంపకం నేర్పినవే. ఏవగింపు బలంగా ఉంది కాబట్టి అది నీతి అని ఎవరూ అనుకోకూడదు. ఈ విషయంలో చదువుకున్నవాళ్లు కూడా పొరబడతారు.

మరి ఒక నియమం ఆచారమా, నీతా అని తేల్చడం ఎలా? ఎలియట్ ట్యూరియల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పద్ధతి ఇప్పటికీ అన్నిటికన్నా పనికొస్తుంది. 1983లో దాన్ని పుస్తకంగా వివరించాడు. ఒక పని చెప్పి నాలుగు ప్రశ్నలు వేయాలి. పెద్దవాళ్లు పర్వాలేదంటే చేయొచ్చా? అలాంటి నియమమే లేకపోతే చేయొచ్చా? వేరే ఊళ్లో అందరూ చేస్తుంటే అక్కడ చేయొచ్చా? ఎందుకు? మొదటి మూడింటికీ "అయినా కూడదు" అని, నాలుగోదానికి ఎదుటి మనిషికి జరిగే నష్టం చెబితే, ఆ మనిషి దాన్ని నీతిగా చూస్తున్నట్టు. "అప్పుడైతే చేయొచ్చు" అంటే ఆచారంగా చూస్తున్నట్టు. మూడు నాలుగేళ్ల పిల్లలే ఈ తేడా పట్టుకుంటారని జుడిత్ స్మెటానా 1981లో చూపించింది.

బీఈడీ, సైకాలజీ విద్యార్థులు కర్నూలు, అనంతపురం బడుల్లో దీన్ని చేయాలనుకుంటే పది చిన్న సందర్భాలు చాలు. నాలుగు హానికి సంబంధించినవి పెట్టండి: తోటి పిల్లను కొట్టి ఏడిపించడం, పక్కవాడి పెన్సిలు దాచేయడం, మధ్యాహ్న భోజనంలో ఇంకొకరి కోడిగుడ్డు తినేయడం, చేయని తప్పు ఒకరి మీదికి నెట్టడం. నాలుగు మర్యాదకు సంబంధించినవి: ఎడమ చేత్తో అన్నం తినడం, సారును పేరుపెట్టి పిలవడం, యూనిఫాం లేకుండా రావడం, చెప్పులతో ఇంట్లోకి రావడం. మిగిలిన రెండూ ఏ తప్పూ లేనివి ఉండాలి, చెట్టు కింద కూర్చుని చదువుకోవడం లాంటివి. ఈ చివరి రెండూ చాలామంది వదిలేస్తారు, అక్కడే పని చెడుతుంది. పిల్లలు మిమ్మల్ని ఇన్‌స్పెక్టర్ అనుకుని అన్నిటికీ "కూడదు సార్" అంటారు. చెట్టు కింద చదవడం కూడా కూడదన్న పిల్లవాడి జవాబులు లెక్కలోకి తీసుకోకూడదు.

ఒక్కొక్కరినే పక్కకు పిలిచి పది పదిహేను నిమిషాల్లో ముగించండి. గుంపులో అడిగితే మొదటి జవాబునే అందరూ అందుకుంటారు. కథలో పిల్లవాడి పేరు ఆ తరగతిలో ఎవరిదీ కాకూడదు. హాని సందర్భం, మర్యాద సందర్భం ఒకటి విడిచి ఒకటి రావాలి. "తప్పు కదా?" అని అడగకండి, "చేయొచ్చా, కూడదా?" అనండి. అవును, కాదు రాసుకుని ఆపేస్తే ఈ శ్రమంతా వృథా, ఎందుకని అడిగినప్పుడు వచ్చే మాటే అసలైనది. చెప్పుల సంగతే చూడండి. ఒక పిల్ల "అమ్మ తిడుతుంది" అంటుంది, ఇంకో పిల్ల "ఇంట్లో పాకే పాప ఉంది, మట్టి నోట్లో పెట్టుకుంటుంది" అంటుంది. నియమం ఒకటే. మొదటి పిల్లకు అది ఆచారం, రెండో పిల్లకు నీతి.

మతం నేర్పిన నియమాలకు ఇదే పరీక్షను లారీ నూచీ, ట్యూరియల్ కలిసి పెట్టి 1993లో ప్రచురించారు. కట్టుబాటు గట్టిగా ఉన్న క్రైస్తవ, యూదు కుటుంబాల పిల్లలను, మీ గ్రంథంలో ఈ నియమమే లేకపోతే ఏమంటారు అని అడిగారు. ప్రార్థన ఏ రోజు చేయాలి, తలపై ఏం కప్పుకోవాలి లాంటివి అప్పుడు మారొచ్చని ఎక్కువమంది అన్నారు. దొంగతనం చేయమని దేవుడే చెప్పి ఉంటే అన్నప్పుడు మాత్రం, చెప్పినా అది మంచిదైపోదు అన్నారు. భక్తి తక్కువైనవాళ్ల పిల్లలు కారు వాళ్లు. కడపలో ఉగాదికి దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి బీబీ నాంచారమ్మ పేరుతో ముస్లింలు వస్తారు, పెద్ద దర్గాకు హిందువులు పోతారు. కొబ్బరికాయ కొట్టడం, చాదర్ సమర్పించడం ఎవరి పద్ధతి వారిది, ఒకరిది ఒకరు తప్పు పట్టుకోరు. దర్గా ముందు ఒకడు జేబు కొట్టేస్తే రెండువైపులవాళ్లూ కలిసే పట్టుకుంటారు.

ఈ పద్ధతికి గట్టి సవాలు మన పొరుగు రాష్ట్రం నుంచే వచ్చింది. రిచర్డ్ ష్వేడర్, మనమోహన్ మహాపాత్ర, జోన్ మిల్లర్ కలిసి భువనేశ్వర్ పాత గుడివీధుల జనాన్ని, చికాగో వాళ్లను 39 సందర్భాల మీద అడిగి 1987లో ప్రచురించారు. తండ్రి పోయిన మర్నాడు పెద్దకొడుకు జుట్టు కత్తిరించుకుని కోడికూర తిన్నాడన్నది భువనేశ్వర్‌లో అతి ఘోరమైనవాటిలో ఒకటిగా నిలిచింది. చికాగోలో అది తప్పే కాదు. విధవరాలు చేపలు తినడమూ అంతే. ఆచారం వేరు, నీతి వేరు అనే విభజనే అమెరికా వాళ్ల అలవాటని ష్వేడర్ వాదన. ట్యూరియల్ బృందం తిరుగు జవాబిచ్చింది: ఆ పెద్దకొడుకు నిష్ఠ తప్పితే తండ్రి ఆత్మకు సద్గతి ఉండదని అక్కడివాళ్లు నమ్ముతున్నారు, అంటే వాళ్ల లెక్కలో అది తండ్రికి చేసిన హానే. హాని చేయకూడదన్న నియమం ఇద్దరిదీ ఒకటే, పైన చెప్పిన మూడింటిలో మొదటిదైన ఏది హాని అన్న నమ్మకంలోనే తేడా.

నా తీర్పు అడిగితే, కోడికూర విషయంలో ట్యూరియల్ మాట నిలుస్తుంది. విధవరాలి చేపల విషయంలో పూర్తిగా నిలవదు. వేడిచేసే తిండి తింటే కోరిక పుడుతుంది, భర్త ఆత్మ నొచ్చుకుంటుంది అని అక్కడ చెప్పారు. ఆ నమ్మకాన్ని ఎవరు నిలబెడుతున్నారు, దాని బరువు ఎవరి ఒంటి మీద పడుతోంది అని కూడా అడగాలి. భార్య పోయిన మగవాడికి అలాంటి పథ్యం ఎందుకు లేదో నమ్మకం ఒక్కటే వివరించలేదు.

అయినా తగవులో మొదట అడగాల్సింది "ఇలా చేయకపోతే ఏమవుతుందని మీ భయం?" అన్న ప్రశ్నే. కర్ణాటక సరిహద్దున మడకశిర వైపు కొన్ని గొల్లహట్టుల్లో, అంటే గొల్లల పల్లెల్లో, బాలింతను పసిబిడ్డతో సహా ఊరి బయట గుడిసెలో ఉంచే ఆచారం ఉంది. అక్కడికి పోయి "మీకు బిడ్డల మీద జాలి లేదా" అంటే మాట అక్కడే తెగిపోతుంది. వాళ్లకు బిడ్డ మీద ప్రేమ తక్కువ కాదు. మైల ఊళ్లోకి వస్తే దేవుడు ఆగ్రహిస్తాడు, ఊరంతటికీ కీడు జరుగుతుంది అన్నది వాళ్ల భయం. అందుకని మాట్లాడాల్సింది ఆ భయం గురించి: చలికి, పాముకి, రక్తస్రావానికి ఆ గుడిసెలో ఏం రక్షణ ఉంది, లోపలే ఉంచుకున్న ఊళ్లలో ఏ కీడు జరిగింది. నైతికంగా తక్కువవాళ్లని ముద్ర వేయడంకంటే ఇది కష్టమైన పని. ఫలితం వచ్చేది మాత్రం దీంతోనే.

రెండోది, ఢీకొన్నప్పుడు ఏది ముందు అన్నది. జోన్ మిల్లర్, డేవిడ్ బెర్సాఫ్ 1992లో మైసూరువాళ్లను, అమెరికాలో న్యూహేవెన్‌వాళ్లను పోల్చారు. స్నేహితుడి పెళ్లికి ఉంగరాలు తీసుకెళ్తున్నవాడి డబ్బు పోయింది, వేరే మనిషి టికెట్ కాజేస్తే తప్ప సమయానికి చేరలేడు, ఏం చేయాలి? మైసూరువాళ్లలో అత్యధికులు స్నేహితుడికిచ్చిన మాటే ముందన్నారు. అమెరికన్లలో ఎక్కువమంది దొంగతనం కూడదన్నదే ముందన్నారు. దొంగతనం మంచిదని మైసూరులో ఎవరూ అనుకోలేదు, స్నేహం అక్కర్లేదని న్యూహేవెన్‌లో ఎవరూ అనుకోలేదు. వరుసే మారింది. 2018లో ప్రచురితమైన మోరల్ మెషీన్ అధ్యయనంలోనూ ఇలాంటిదే కనిపించింది. డ్రైవర్ లేని కారు తప్పనిసరిగా ఎవరినో ఒకరిని గుద్దాలంటే ఎవరిని కాపాడాలని 233 దేశాలు, ప్రాంతాలవాళ్లు దాదాపు 4 కోట్ల జవాబులిచ్చారు. జంతువుకంటే మనిషిని, కొద్దిమందికంటే ఎక్కువమందిని కాపాడాలన్నది అన్నిచోట్లా ఉంది. ముసలివాళ్లకంటే చిన్నవాళ్లను కాపాడాలన్న మొగ్గు తూర్పు ఆసియా దేశాలున్న గుంపులో బాగా తగ్గింది.

సీమవాళ్లకు ఈ వరుస సంగతి ఇంకో రకంగా బాగా తెలుసు. నమ్ముకున్నవాడి కోసం నిలబడాలి, అవమానం జరిగితే ఊరుకోకూడదు అన్న రెండు విలువలను ఫ్యాక్షన్ ఊళ్లలో ప్రాణం కంటే పైన పెట్టారు. మన ఊళ్లలో అత్యధికం ఆ దారి తొక్కలేదు, సినిమాలు దాన్ని జిల్లాలకు జిల్లాలకే అంటగట్టాయి. అది ఉన్నచోట మాత్రం కారణాలు వెతకదగ్గవే. డోవ్ కోహెన్, రిచర్డ్ నిస్బెట్ అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పౌరుషం కోసం జరిగే హత్యలను చూసి చెప్పిన వివరణ ఇది: ప్రభుత్వం అందుబాటులో లేని చోట, ఒక్క రాత్రిలో ఎత్తుకుపోగలిగే పశువులే ఆస్తి అయిన చోట, "వీడి జోలికి పోతే వదలడు" అన్న పేరే మనిషికి రక్షణ. కారణం పోయాక కూడా ఆ పౌరుషం పెంపకంలో మిగిలిపోతుంది. 1996లో ప్రచురించిన ప్రయోగంలో వరండాలో ఒకడు కావాలని భుజం తగిలించి తిడితే, దక్షిణాది విద్యార్థుల్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరిగింది, ఉత్తరాదివాళ్లలో పెద్దగా పెరగలేదు. మన దగ్గర 1800లో దత్తమండలాలు కుంపిణీ చేతికి వచ్చేనాటికి 80 మంది దాకా పాలెగాళ్లు ఎవరి గడ్డ వాళ్లు ఏలుకుంటున్నారు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి వాళ్లను అణిచాడు. ఆ రోజులనుంచి ఈ రోజుల ఫ్యాక్షన్‌కు ఒకే గీత గీయడం నాకు సమ్మతం కాదు, కరువు, కాంట్రాక్టులు, ఎన్నికలు మధ్యలో చాలా చేశాయి. కానీ రక్షణ దొరకనిచోట పౌరుషం విలువ పెరుగుతుందన్నది రెండుచోట్లా కనిపిస్తుంది.

ఇంకొకటి గమనించండి. చంపినవాడెవడూ "చంపడం మంచిదే" అనడు. "ముందు వాళ్లే మొదలుపెట్టారు" అంటాడు. తన చేతకు కారణం చెప్పుకోవాల్సిన అవసరం వాడికీ తెలుసు. హత్య కూడదన్న నియమం వాడి లోపల చెరిగిపోలేదు, దానికి మినహాయింపు రాసుకున్నాడు అంతే.

మూడోది, నియమం ఎవరిదాకా వర్తిస్తుందన్నది. నా దృష్టిలో మానవజాతి చేసిన ఘోరాల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. ఆలివర్ కరీ బృందం 2019లో 60 సమాజాల మీద పూర్వం రాసిన వివరాలను వెతికింది. సొంతవాళ్లకు సాయం, గుంపుకు విధేయత, మేలుకు మేలు, ధైర్యం, పెద్దలపట్ల గౌరవం, న్యాయంగా పంచడం, ఇతరుల ఆస్తి ముట్టకపోవడం అనే ఏడింటి ప్రస్తావన మొత్తం 962 సార్లు వస్తే, 961 సార్లు అవి మంచివిగానే కనిపించాయి. ఈ సంఖ్య చూపి నీతి అందరిదీ ఒకటేనని ముగించేవాళ్లున్నారు. ఈ ఏడింటిని ఎవరి పట్ల పాటించాలన్నది ఆ లెక్కలో లేదు. టీకొట్టులో రెండు గ్లాసులు పెట్టిన ఊరివాళ్లకు ఈ ఏడూ తెలుసు. ఇంటికొచ్చిన చుట్టానికి మజ్జిగ ఇవ్వకుండా పంపరు. తమ గేరిలో ఆకలిగా ఉన్నవాడికి సంగటి ముద్ద పెడతారు. మాలపల్లె మనిషి గ్లాసు మాత్రం వేరే. దయ లేకపోవడం వల్ల అలా చేయలేదు, దయ ఎక్కడ ఆగాలో చిన్నప్పుడే నేర్చుకున్నారు. ఒక అమ్మ బిడ్డ చేయి పట్టి "ఆ ఇంట్లో నీళ్లు తాగకు" అని లాగేసిన క్షణంలో నేర్పిన పాఠం అది. కాబట్టి పిల్లలకు "మంచిగా ఉండు" అని నేర్పితే చాలదు. ఎవరితో అన్నది కూడా నేర్పాలి.

పంపకం గురించి కొంత చెప్పి ముందుకు పోతాను. జోసెఫ్ హెన్రిచ్ బృందం 15 చిన్న సమాజాల్లో ఒక ఆట ఆడించి 2001లో ఫలితాలు ప్రకటించింది. మొదటివాడికి కొంత సొమ్ము ఇస్తారు, అందులో ఎంతో కొంత రెండోవాడికి ఇవ్వజూపాలి, రెండోవాడు కాదంటే ఇద్దరికీ ఏమీ రాదు. పెరూ అడవుల్లో కుటుంబాలు విడివిడిగా బతికే మచిగెంగా జనం సగటున 26 శాతం ఇవ్వజూపారు. పడవల్లో కలిసి తిమింగలాలు వేటాడే ఇండోనేసియాలోని లమలేరావాళ్లు 58 శాతం. పాపువా న్యూగినీలో ఔ, గ్నౌ అనే జనాలు సగం కంటే ఎక్కువ ఇచ్చినా కొన్నిసార్లు కాదన్నారు, అంత తీసుకుంటే ఋణపడాల్సి వస్తుందని. బతుకుతెరువు ఎంత కలిసికట్టుగా ఉంటే, అంగడి వ్యవహారం ఎంత అలవాటైతే, పంపకం అంత సమానానికి దగ్గరైంది. చెరువు నీళ్లను నీరుగంటి పొలం పొలానికి పంచిన ఊళ్లలో వంతు తప్పడం పెద్ద తప్పు. ఎవరి బోరు వాళ్లు వేసుకున్నాక పక్కవాడి నీళ్లు లాగేశామన్న బాధ పల్చబడింది. మనుషులు చెడిపోయారని దీన్ని తీసుకోకండి, ఒకరి అవసరం ఒకరికి కనబడటం తగ్గింది. అలాగే అనంతపురం పల్లెల్లో శెనక్కాయ పీకాక చేలో మిగిలిన కాయ ఏరుకుంటే అది పరిగె, ఎవరూ దొంగతనమనరు. పీకకముందు నాలుగు చెట్లు లాగితే గొడవే.

సంస్కృతి అన్నప్పుడు దేశం, మతం మాత్రమే తలుచుకోవద్దు. జొనాథన్ హైట్ ఇద్దరు బ్రెజిల్ పరిశోధకులతో కలిసి 1993లో బ్రెజిల్, అమెరికా నగరాల్లో అడిగితే, దేశాల మధ్య తేడా కంటే చదువు, డబ్బు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య తేడా పెద్దదిగా తేలింది. పసిపిల్లల ప్రయోగాల విషయంలో కూడా జాగ్రత్త. ఆరు, పది నెలల పిల్లలు సాయం చేసే బొమ్మనే ఎంచుకుంటారన్న 2007 నాటి ఫలితాన్ని నీతి పుట్టుకతోనే వస్తుందనడానికి రుజువుగా చాలామంది చూపిస్తారు. తర్వాత అనేక ప్రయోగశాలలు కలిసి పెద్ద ఎత్తున తిరిగి చేస్తే ఆ మొగ్గు కనిపించలేదు. ఆ ఒక్కదాని మీద వాదం నిలబెట్టకండి.

ఇక తేలని భాగం. "నీతి సంస్కృతిని బట్టి మారుతుంది, కాబట్టి ఎవరి సంస్కృతిని ఎవరూ ప్రశ్నించకూడదు" అనేవాళ్లు రెండు వేర్వేరు మాటలను ఒకటిగా కలిపేస్తున్నారు. మారుతుందన్నది ఉన్న సంగతి. ప్రశ్నించకూడదన్నది ఒక ఆదేశం. ఉన్నదాన్నుంచి ఉండాల్సింది దానంతట అది రాదని హ్యూమ్ 18వ శతాబ్దంలోనే చెప్పాడు. పైగా "మా సంస్కృతి" అని ఎవరు మాట్లాడుతున్నారో చూడాలి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం వైపు ఆడపిల్లను దేవుడి పేర విడిచే బసివి ఆచారాన్ని తీసుకోండి. ఆ పిల్లలు ఎక్కువగా దళిత ఇళ్లవాళ్లు. ఆచారమని సమర్థించినవాళ్లు, దాని వల్ల లాభపడినవాళ్లు ఊరి పెద్దలు. మోసింది ఆ పిల్ల, వయసు రాకముందే, ఎవరూ అడగకుండానే. 1988లో రాష్ట్రం నిషేధ చట్టం చేసినప్పుడు ఒక సంస్కృతిపై ఇంకో సంస్కృతి దాడి చేసిందనడం అబద్ధం. ఆ సంస్కృతిలోనే ఉన్న ఆడవాళ్ల మాటకు బలం వచ్చింది.

దేవరగట్టు కర్రల సమరం ఇంతకంటే చిక్కు ప్రశ్న. విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాల కోసం నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంకోవైపు కర్రలతో తలపడతారు. ఏటా తలలు పగులుతాయి, ప్రాణాలు పోయిన ఏళ్లూ ఉన్నాయి. గాయానికి పసుపు పెట్టుకుంటారు, పగ పెట్టుకోరు. కొట్టడం ఎక్కడైనా తప్పే అన్న ట్యూరియల్ పరీక్ష ఇక్కడ తడబడుతుంది, ఎందుకంటే దెబ్బ తిన్నవాడే దాన్ని హాని అనడు. ఇక్కడ మొత్తానికి ఒకే తీర్పు ఇవ్వకుండా మనిషి మనిషికీ విడదీయాలి. తెలిసి, ఇష్టపడి బరిలోకి దిగిన పెద్దవాడి సంగతి వేరు. పదిహేనేళ్ల పిల్లవాడి సంగతి వేరు. చూడటానికొచ్చి దెబ్బ తిన్నవాడి సంగతి వేరు. మంచాన పడ్డ భర్త కూలిడబ్బుతో బతకాల్సిన ఇల్లాలి సంగతి పూర్తిగా వేరు. ఆమెను అడిగాకే ఆచారం గొప్పదని చెప్పాలి.

కష్టమైన ప్రతిచోటా నేను పట్టుకునే కొలత ఇదే: నియమం బరువు మోసేవాళ్లను, పెద్దలు లేనిచోట, కాదన్నా నష్టం లేదన్న భరోసాతో అడగండి. ఇది పడమటి దేశాల సరుకు అనేవాళ్లకు ఒక సంగతి గుర్తుచేయాలి. 1948 విశ్వ మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలో "పురుషులందరూ" అని ఉండాల్సినచోట "మనుషులందరూ" అని మార్పించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. అంతకు చాలా ముందే యాజ్ఞవల్క్య స్మృతి అహింస, సత్యం, దొంగిలించకపోవడం, దయ వంటివాటిని అందరి ధర్మంగా వేరుచేసి చెప్పింది. వర్ణానికి, ఆశ్రమానికి తగ్గ ధర్మాలు విడిగా ఉన్నాయి. రెండూ తగువు పడినప్పుడు రెండోదే గెలుస్తూ వచ్చింది, ఆ గెలుపే మన సమస్య. 1936లో అంబేడ్కర్ మంచిచెడులు తూచే సూత్రం వేరు, ఇలాగే చేయి అని శాసించే విధి వేరు అని విడదీసి, ధర్మమని మనకు అందించినది చాలావరకు విధుల కుప్ప అన్నది ఈ చోటునే.

పిల్లలకు ఏం నేర్పాలి అన్నారు. ఆచారానికి, నీతికి వేర్వేరు గొంతులు వాడండి. చెప్పులు విప్పడం గురించి "ఇది మన ఇంటి పద్ధతి నాయనా" చాలు. తోటి పిల్లను కొట్టినప్పుడు అలా చాలదు. మార్టిన్ హాఫ్‌మన్ పరిశోధనలు చూపిన దారి ఇది: ముందు చేయి ఆపాలి, ఏడుస్తున్న పిల్ల ముఖం చూపించాలి, నీ వల్లే ఆమెకు నొప్పి కలిగిందని చెప్పాలి, బాగుచేసే పని ఒకటి చేయించాలి. సంఘటన జరిగిన నిమిషాల్లోనే, రెండు మూడేళ్ల పిల్లలకైతే ఒకే వాక్యంలో. అరిచి, కొట్టి ఆపితే దొరక్కుండా చేయడం నేర్చుకుంటారు. "దేవుడు కళ్లు పోగొడతాడు" అంటే, పోనప్పుడు ఆ నియమం కూడా పోతుంది. చుట్టాల ముందు సిగ్గుపరిస్తే ఎదుటి పిల్ల నొప్పి మరిచి తన అవమానమే గుర్తుంటుంది. రెండు రకాల నియమాలకూ ఒకే కోపం చూపిన ఇళ్లలో పిల్లలు అన్నీ పెద్దల ఇష్టాలే అనుకుంటారు. పదిహేనేళ్లకు బొట్టు, జడ మీద తిరగబడినప్పుడే నిజం చెప్పడాన్నీ దాంతోపాటు వదిలేస్తారు. ఆర్టీసీ బస్సులో ఐదేళ్లు నిండిన మగపిల్లవాడికి అర టికెట్ తీయాలి. ఏడేళ్ల కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని "నాలుగేళ్లు" అని కండక్టరుతో చెప్పే తల్లి, ఆ మధ్యాహ్నం నేర్పింది ఎన్ని నీతి కథలు చెప్పినా చెరగదు.

చివరగా మీ అక్క పెళ్లి. అది అనైతికమని స్నేహితురాళ్లు ఏవగింపుతో అంటే అంగీకరించనక్కర్లేదు. కానీ వాళ్లు అడగగలిగిన మంచి ప్రశ్నలు రెండున్నాయి, అవి మీరే అడగాలి. ఒకటి పుట్టబోయే పిల్లల గురించి. మేనమామ, మేనకోడలి సంతానంలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 8లో 1, మేనబావ, మరదలి సంతానంలో 16లో 1. మేనబావ, మరదలి పిల్లల్లో పుట్టుకతో వచ్చే తీవ్ర సమస్యలు మామూలు కంటే నూటికి 1.7 నుంచి 2.8 మందిలో అదనంగా ఉంటాయని 2002లో అమెరికా జన్యు సలహాదారుల సంఘం లెక్క చెప్పింది. మేనమామ విషయంలో అంతకంటే ఎక్కువే ఉంటుంది, తరతరాలుగా ఇంట్లోనే చేసుకుంటూ వచ్చినచోట ఇంకా పెరుగుతుంది. ఇంట్లో పుట్టు మూగ, చెవుడు, తలసీమియా, కారణం తెలియని పసిపిల్లల మరణాలు ఉన్నాయేమో మూడు తరాలు రాసుకుని, పెళ్లికి ముందే జన్యు సలహా తీసుకోండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. రెండోది అక్క ఇష్టం. హాల్లో అందరి ముందు "నీకిష్టమేనా అమ్మా" అంటే తల ఊపుతుంది, అది జవాబుగా లెక్కకు రాదు. మీరొక్కరే, మేడ మీదో, ఫోన్లోనో అడగండి, వద్దంటే అమ్మానాన్నలతో మాట్లాడేది నేను అని ముందే చెప్పండి. తాంబూలాలు ఇంకా మార్చుకోకపోతే ఈ వారమే అడగండి.